ఎండ్రకాయ మాసం, నాణప్పన్ భుజం

రండి రండి, గొడుగులు గుమ్మం బయటే ఒరగెయ్యండి. నీళ్ళోడుతూ లోపలికొచ్చి నా పక్కన కూర్చుంటే కథ తడిసిపోతుంది. ఆ మూల బెంచీ మీద గుసగుసలాడే ఇద్దరూ, మీ మేక ఎవరి తోటలో పడిందో తర్వాత తేల్చుకోండి. గ్లాసుల్లో చెంచాలు తిప్పడం కూడా ఆపండి. ఈ వానతో పోటీపడి మాట్లాడటానికే నా గొంతు చాలట్లేదు, మీతో కూడా పడాలంటే నావల్ల కాదు. ఆ, ఇప్పుడు బాగుంది. వినండి.

పోయిన వారం ఎక్కడ ఆపానో గుర్తుందా? సూర్యుడు కర్కాటకంలోకి దిగాడు. ఆ ఏడు వాన ఎలా పడిందంటే, కాలవలో చేపలకి నీళ్ళంటే విసుగుపుట్టి, మెట్లెక్కి వరండాల్లోకి వచ్చి కూర్చున్నాయి. నేను చూశాను. అందులో ఒకటి నన్ను పలకరించింది కూడా. సంక్రమణం ముందు సాయంత్రం మన నెడుంతురుత్తు ఆడవాళ్ళందరూ పాత చీపురూ, పగిలిన కుండా చేటలో పెట్టి, ఏడాదంతా ఇంట్లో పేరుకున్న దరిద్రాన్ని "పో, పో" అని తరుముతూ గట్టు దాటించేశారు. ఇళ్ళు కడిగి దీపాలు పెట్టారు. ఇక ఆ నెలంతా పెళ్ళిళ్ళు లేవు, ప్రయాణాలు లేవు, కొత్త పనికి ఎవరూ చెయ్యి వెయ్యరు. పొద్దున ఒంటికి నూనె, సాయంత్రం మందు గంజి, సంజె దీపం దగ్గర పారాయణం. మిగతా పొద్దంతా గోడకి ఆనుకుని, ఈ ఏడాది ఎవరిని ఏమన్నామా అని తలుచుకోవడం.

అందరికీ అది తీరిగ్గా తలుచుకునే నెల. నాణప్పన్‌కి మాత్రం చావుబతుకుల నెల. ఎందుకంటే మన ఊరి చుండన్ పడవకి, అదే పాములా పొడుగాటి పందెం పడవకి, అమరం మీద నిలబడేవాడు అతనే. పడవ తోక మనిషికి రెండింతలు పైకి లేచి ఉంటుంది చూశారూ, అదే అమరం. అక్కడ నిలబడి చుక్కాని తెడ్డు పట్టుకుంటే, ముందు వందమంది ఎంత వెర్రిగా తెడ్లు వేసినా పడవ గీత గీసినట్టు పోవాలి. కొన్నేళ్ళ కిందట పందెంలో అతని తమ్ముడు ఉత్తమన్ పక్కనే రెండో తెడ్డు పట్టాడు. చివర్లో ఆ తెడ్డు తడబడింది, పడవ గుంజకి రాసుకుంది, మనం ఓడిపోయాం. నాణప్పన్ ఊరందరి ముందు తమ్ముడి చేతిలో తెడ్డు లాక్కుని, "నా పడవలో నీకు చోటు లేదు ఫో!" అని విసిరాడు. ఆ తెడ్డు నీళ్ళు దాటి పక్క ఊరు వేలంకర ఒడ్డున కొబ్బరి చెట్టుకి గుచ్చుకుంది. ఆ చెట్టు ఇప్పటికీ తెడ్డు ఆకారంలో కాయలు కాస్తోంది, కావాలంటే వెళ్ళి చూసుకోండి. ఉత్తమన్ ఆ రోజే ఊరొదిలాడు. తెడ్డు విసిరిన నాణప్పన్ కుడి భుజం ఆ రోజే పట్టేసింది. ఏటేటా బిగుసుకుంటూ వచ్చి, చివరికి చెయ్యి చెవి దాకా కూడా లేవడం మానేసింది.

కర్కాటకం దాటగానే వచ్చే సింహ మాసంలో పందెం. ఆ లోపు చెయ్యి లేవకపోతే నాణప్పన్ ఇంకెప్పుడూ అమరం ఎక్కడు. అందుకని కార్త్యాయని అమ్మ దగ్గర వైద్యం మొదలైంది. ఆవిడ పొట్టిగా, పిడికెడు ఉంటుంది గానీ, ఆవిడ తిట్టు పడితే ఏనుగు కూడా తొండం ముడుచుకుని దారిస్తుంది. నాణప్పన్‌ని కిటికీలు మూసిన గదిలో కూర్చోబెట్టి ఆవిడ చెప్పిన మాట ఒక్కటే.

"ఈ నెలలో మనిషి ఒళ్ళు గుల్ల విడిచిన ఎండ్రకాయలా మెత్తగా అయిపోతుంది. అందుకే మందు లోపలికి దిగుతుంది. కోపం కూడా అలాగే దిగుతుంది. ఒక్క కేక వేశావా, నా తైలమంతా బూడిదలో పోసినట్టే. ఆ భుజాన్ని ఇక మరిచిపో."

నాణప్పన్‌కి కోపం వద్దని చెప్పడమంటే కాకిని అరవొద్దని చెప్పడం. ఒకసారి అతను రేవులో కేకేస్తే చుట్టుపక్కల ముదురు కొబ్బరికాయలన్నీ రాలాయి. లేతవి ఇంకో కేక కోసం ఆగాయి. అందుకని ఊరంతా మునివేళ్ళ మీద నడిచాం. కుక్కల్ని కూడా పక్క దీవికి పంపేశాం. అంతా సవ్యంగా సాగుతోందనుకునే వేళ, అమావాస్యకి ముందు రోజు సాయంత్రం, వానలో ఒక చిన్న పడవ వచ్చి నాణప్పన్ ఇంటి మెట్లకి ఆనింది. నల్ల గొడుగు కింద ఉత్తమన్. వేలంకర పడవకి అమరం పట్టబోతున్నాడని అప్పటికే గాలివార్త తిరుగుతోంది. పోయిన వారం అక్కడే ఆపాను.

ఇక వినండి.

నేను వరండా చివర తైలం కుండ కింద మంట చూస్తున్నాను. నాణప్పన్ భార్య తంకమ్మ దీపం ముందు కూర్చుని పారాయణం చేస్తోంది. నుదుట ఆకుపసరు బొట్టు, చెవి వెనక పూల రెమ్మలు. గోడ వారగా మన పడవ సంఘం పెద్ద ఈప్పచ్చన్, ఆయన వెనక తెడ్డు వేసే కుర్రాళ్ళూ. మూసిన తలుపు అవతల నాణప్పన్. ఆ తలుపుకి వీపు ఆనించి, చేతిలో గరిటెతో కార్త్యాయని అమ్మ.

ఉత్తమన్ కాళ్ళు కడుక్కుని, తల తుడుచుకుని, దీపానికి దణ్ణం పెట్టి కూర్చున్నాడు. పారాయణం జరుగుతుంటే మధ్యలో మాట్లాడకూడదు కదా. కాసేపట్లో ఆపుతుంది, అప్పుడు చెబుదామని అతని ఎత్తు. తంకమ్మ ఓరగా మరిదిని చూసింది. ఆ వేళ ఆపాల్సిన చోటు వచ్చింది. మంచి చోటు, శుభమైన ఘట్టం. ఆమె ఆపలేదు. ఆకు తిప్పి తర్వాతి అధ్యాయంలోకి దూకింది. అక్కడ యుద్ధం మొదలవుతుంది. యుద్ధం మధ్యలో పారాయణం ఆపితే ఇంట్లో యుద్ధం వస్తుందని మనకి తెలుసుగా. ఇక ఆ యుద్ధం అయ్యేదాకా ఆమె ఆపనక్కర్లేదు, ఉత్తమన్ నోరు తెరవడానికి లేదు.

కార్త్యాయని అమ్మ ముక్కుమీద వేలేసుకుంది. "తెలివంటే ఇదీ," అని నా వైపు పెదవులు కదిపింది.

ఈప్పచ్చన్ మెల్లగా జరిగి ఉత్తమన్ చెవి దగ్గర చేరాడు. గుసగుసగా మొదలెట్టాడు.

"ఏరా, వేలంకర నీళ్ళు బాగా పడ్డట్టున్నాయి. నున్నగా తేలావు."

"మీరు మాత్రం ఏం మారలేదు ఈప్పచ్చా. ఆ చొక్కా కూడా అదే."

"వెటకారాలొద్దు. నిన్ను పంపిందెవరో నాకు తెలుసు. ఇప్పుడు మీ అన్న చెవిన ఆ మాట వేస్తే ఆయన అరుస్తాడు, భుజం పోతుంది, పందెం వేలంకరది. అంతేగా? మర్యాదగా పడవెక్కి పో."

"మా అన్నకి చెప్పుకోవాల్సింది చెప్పుకుని పోతాను."

"నువ్వు నోరు తెరిచావంటే నేను ఈ తువ్వాలు కుక్కుతాను."

"ఉతికిందేనా?"

కుర్రాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వి, వెంటనే ఈప్పచ్చన్ మొహం చూసి దగ్గుగా మార్చేశాడు. తంకమ్మ గొంతు పెంచింది. బాణాలు పడుతున్నాయి, రథాలు విరుగుతున్నాయి, ఆమె చదువుతూనే ఉంది. గొంతు బొంగురుపోయింది. నేను నీళ్ళ చెంబు ముందుకి జరిపితే కళ్ళతోనే వద్దంది. తాగాలంటే ఆపాలి కదా. చివరికి ఆ యుద్ధంలో చావాల్సిన వాళ్ళందరూ చచ్చారు. పూలవాన కురిసింది. ఇక చదవడానికి ఆమెకి గొంతులో చుక్క తడి మిగల్లేదు. గ్రంథం మూసి కళ్ళకద్దుకుంది.

ఉత్తమన్ ఒక్కసారి దగ్గాడు. 

"ఉత్తమనేనా అది?"

మూసిన తలుపు వెనక నించి నాణప్పన్. కుర్రాళ్ళందరూ ఒక్కసారి తలలు వంచుకున్నారు. ఈప్పచ్చన్ ఉత్తమన్ మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. కార్త్యాయని అమ్మ గరిటె ఎత్తింది.

"ఇద్దరూ వినండి. మాట్లాడుకోవద్దని నేననను, అంటే ఇంకా ఉక్కిరిబిక్కిరవుతుంది. కానీ పసిబిడ్డని జోకొడుతున్నట్టు మాట్లాడాలి. ఎవరి గొంతు లేచినా ఈ గరిటె వేడిగా ఉంది, వాత పెడతాను. నాణప్పా, అర్థమైందా?"

"అయింది వైద్యరమ్మా," లోపల్నించి వెన్నలాంటి గొంతు. "ఉత్తమా, తిన్నావా?"

"తిన్నాను చేట్టా." అన్నని చిన్నప్పటి నించీ అలాగే పిలుస్తాడు.

"ఏం తిన్నావు?"

"కర్రపెండలం, చేపల కూర."

"ఎవరు వండారు?"

"నేనే."

"అయితే తిననట్టే. తంకమ్మా, వాడికి గంజి పెట్టు."

తంకమ్మ లేవలేదు. లేస్తే ఏమవుతుందోనని ఆమె చూపు తలుపు మీదే ఉంది.

"తర్వాత తింటాను చేట్టా. ముందు ఒక మాట చెప్పాలి. ఊళ్ళో వాళ్ళు చెప్పక ముందే నా నోటితో మీకు చెప్పాలని వచ్చాను."

"ఉత్తమా, నాయనా," అంది తంకమ్మ, విరిగిన గొంతుతో. "నీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ నెల గడవనీ."

"ఈ నెల గడిస్తే ఎవరో ఒకరు చెప్పేస్తారు వదినా. అప్పుడు నేను దొంగనవుతాను." అతను తలుపు వైపు తిరిగి, నిజంగానే బిడ్డని నిద్రపుచ్చుతున్నట్టు, మెల్లగా చెప్పాడు. "వేలంకర వాళ్ళు నన్ను పిలిచారు. వాళ్ళ పడవ అమరం మీదకి."

నేను స్తంభాన్ని కావలించుకున్నాను. ఈప్పచ్చన్ రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకున్నాడు. కుర్రాళ్ళు తలల మీద చేటలు బోర్లించుకున్నారు, పెంకులు రాలతాయని. పైనున్న బల్లి కూడా గోడ దిగి వచ్చేసింది. తంకమ్మ గ్రంథాన్ని గుండెకి హత్తుకుంది.

ఏమీ రాలలేదు. కాసేపటికి లోపల్నించి కుతకుతమని చప్పుడు. గంజి ఉడుకుతోందనుకున్నాను. అది నాణప్పన్ నవ్వు.

"తెలుసు," అన్నాడు.

"ఎలా తెలుసు?"

"వాళ్ళకి కబురు చేసింది నేనే గదరా."

 ఈప్పచ్చన్ చెవుల్లో వేళ్ళు అలాగే ఉన్నాయి గానీ, ఆ మాట వేళ్ళ సందుల్లోంచి దూరినట్టుంది, మొహం వంకాయ రంగుకి తిరిగింది.

"ఈ నెల పుట్టకముందే వాళ్ళ పెద్దమనిషి రేవులో కనబడితే చెప్పాను," అంటున్నాడు నాణప్పన్, అదే మెత్తని గొంతుతో. "నీళ్ళ మీద మా తమ్ముడి చెయ్యి లాంటి చెయ్యి ఇంకోటి లేదు, తీసుకోకపోతే మీదే నష్టం అన్నాను. తీసుకున్నారన్నమాట. మంచిది."

ఉత్తమన్ లేచి నిలబడ్డాడు. 

"నేను సంపాదించుకున్నాననుకున్నాను చేట్టా. ఇన్నేళ్ళూ ఇసుక పడవలు తోశాను. పందెం పడవ దగ్గరికి పోతే, అన్న తరిమేసినవాడు వీడేనని నవ్వేవాళ్ళు. చివరికి ఒకరు నన్ను చూసి, నా పని చూసి పిలిచారనుకున్నాను. నిద్ర పట్టలేదు, అంత సంతోషం. అది కూడా మీరు జాలిపడి విదిలించిందేనా?"

గొంతు లేచింది. బాగా లేచింది. కార్త్యాయని అమ్మ గరిటె గాల్లోనే ఉండిపోయింది, దించడానికి ఆవిడకి మనసు రాలేదు.

"విదల్చలేదురా. లాక్కున్నది తిరిగిచ్చాను," అన్నాడు నాణప్పన్. "నీ చేతిలోంచి తెడ్డు లాక్కున్నది నేను. మన పడవలోనే నీకు చోటిప్పిద్దామని ఏటా అడిగాను. ఈప్పచ్చన్ ఒప్పుకున్నాడేమో అడుగు. అక్కడే ఉన్నాడుగా, ఆయన పొగాకు వాసన తగుల్తోంది."

అందరం ఈప్పచ్చన్ వైపు తిరిగాం. ఆయన చెవుల్లోంచి వేళ్ళు తీశాడు.

"ఒప్పుకోలేదు! ఇప్పుడూ ఒప్పుకోను! పడవని గుంజకి కొట్టినవాడికి మళ్ళీ తెడ్డిస్తానా? నేనివ్వనంటే నువ్వు తీసుకెళ్ళి శత్రువుకిస్తావా? మన పడవ ఏ మలుపులో ఎటు ఒరుగుతుందో వీడికి తెలుసు. మన పాటలో ఎక్కడ ఊపిరి తీస్తామో తెలుసు. వందమంది రెక్కలు ముక్కలు చేసుకుంటే నువ్వు గదిలో కూర్చుని నూనె రాయించుకుంటూ ఊరిని అమ్మేశావు!"

"గొంతు!" అంది కార్త్యాయని అమ్మ.

"నాకు పథ్యం లేదు వైద్యరమ్మా! నేను అరుస్తాను!"

"ఈ గదిలో చేరకముందే వైద్యరమ్మ చెప్పింది నాకు," అన్నాడు నాణప్పన్. "ఎముక బాగానే ఉంది, ఎవరిమీదో కోపం అక్కడ గడ్డకట్టింది, వాడికి ఏదైనా మేలు చెయ్యి, అప్పుడే తైలం పట్టేది అంది."

"అన్నాను," అంది ఆవిడ తలుపు వైపు తిరిగి. "అన్నాను గానీ, వాడికి ఒక పంచె కొనిస్తావనుకున్నాను. పక్క ఊరి పడవ కట్టబెట్టమన్నానట్రా!"

మామూలు రోజైతే అందరం నవ్వేవాళ్ళం. ఈప్పచ్చన్ నవ్వనివ్వలేదు. ఆయన గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. అరుపు కంటే దానికే ఎక్కువ భయమేసింది.

"నాకిప్పుడు అర్థమైంది. ఇదంతా ప్రేమా కాదు, గీమా కాదు. నీ చెయ్యి ఇక లేవదు. ఆ సంగతి నీకు తెలిసిపోయింది. గెలుపు ఎలాగూ మన ఊరికి రాదు, కనీసం మీ ఇంటికైనా రానీ అని తమ్ముణ్ణి అవతల ఎక్కించావు. అంతేనా?"

లోపల నాణప్పన్ లేచిన చప్పుడైంది. ఈప్పచ్చన్ ఆగలేదు.

"రేపు అమావాస్య. పొద్దున్నే పెద్దలకి పిండాలు పెట్టడానికి ఊరంతా రేవులో ఉంటుంది. అక్కడే చెబుతాను, నాణప్పన్ ఇక అమరం ఎక్కడని."

"కర్కాటకంలో కొత్త పనా?" అన్నాన్నేను, ఉండబట్టలేక.

"పాతవాణ్ణి దించడం కొత్త పనెలా అవుతుంది? నువ్వు మంట చూసుకో." ఆయన తలుపు దగ్గరికి వెళ్ళాడు. "నేను తప్పని నిరూపించు నాణప్పా. బయటికొచ్చి ఆ చెయ్యి ఒక్కసారి తలమీదకి ఎత్తి చూపించు. ఎత్తావా, నీ తమ్ముడు ఎవరి పడవెక్కినా నేను నోరెత్తను. అమరం నీదే."

"ఎత్తకూడదు!" కార్త్యాయని అమ్మ అడ్డం నిలబడింది. ఆవిడ మొహంలో ఎప్పుడూ చూడని భయం. "తైలం పట్టిన కీలు అది, నానబెట్టిన అటుకుల్లా ఉంది. నెల నిండాక దానంతటది గట్టిపడుతుంది. ఇప్పుడు ఎత్తి అది తప్పిందో, మళ్ళీ కూర్చోబెట్టడం నావల్ల కాదు. మా నాన్న లేచొచ్చినా ఆయనవల్లా కాదు. తెడ్డు సంగతి వదిలెయ్, అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకోలేడు."

గడియ తీసిన చప్పుడు.

తలుపు తెరుచుకుంది. నాణప్పన్ గుమ్మం నిండా నిలబడ్డాడు. ఒంటి నిండా తైలం, భుజం చుట్టూ ఉడికించిన ఆకుల కట్టు, నడుముకి చిన్న తువ్వాలు. అన్నాళ్ళు చీకట్లో ఉన్న కళ్ళు దీపం వెలుగుకే చికిలించాడు. వాన గాలి తగిలి ఒళ్ళు జలదరించింది. మొహంలో మాత్రం కోపం లేదు. వెతికాను, ఎక్కడా లేదు.

"ఏమండీ, వద్దు," అంది తంకమ్మ.

అతను కుడి చెయ్యి కదిపాడు. ఉత్తమన్ ఒక్క అంగలో వెళ్ళి మణికట్టు పట్టుకున్నాడు.

"చేట్టా, ఆగండి. వాళ్ళకి నేనింకా మాటివ్వలేదు. కర్కాటకంలో ఎవడైనా మాటిస్తాడా? సింహం రానీ, చెబుతానన్నాను. వద్దని చెప్పేస్తాను. ఇప్పుడే చెప్పేస్తాను. చెయ్యి దించండి."

నాణప్పన్ తమ్ముడి మొహంలోకి చూశాడు. 

"నువ్వు వద్దన్నావంటే ఈ చెయ్యి ఎప్పటికీ లేవదురా," అన్నాడు. "వదులు."

ఉత్తమన్ వదల్లేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. నాణప్పన్ ఎడమ చేత్తో ఆ వేళ్ళని ఒక్కొక్కటే, బిడ్డ పిడికిలి విప్పినట్టు, మెల్లగా విప్పాడు.

చెయ్యి లేచింది. నడుము దాటింది. ఆకుల కట్టు జారి కింద పడింది. రొమ్ము దాకా వచ్చింది. కార్త్యాయని అమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. ఈప్పచ్చన్ రెప్ప వెయ్యడం లేదు. భుజం ఎత్తుకి వచ్చింది. నాణప్పన్ దవడ బిగుసుకుంది, మెడ నరాలు తాళ్ళలా లేచాయి. చెవి దాకా వచ్చింది. ఇన్నేళ్ళుగా అక్కడే ఆగిపోయే చెయ్యి. అక్కడ ఆగింది. వణికింది. ఇంకొంచెం కదిలింది...

తెరిచిన తలుపులోంచి గాలి విసిరికొట్టింది. దీపం ఆరిపోయింది.

ఆ చీకట్లో, అందరికీ వినబడేలా, "టక్" మని ఒక చప్పుడు.

 మూలుగు లేదు, అరుపు లేదు. తంకమ్మ నేల మీద తడుముతూ అగ్గిపెట్టె వెతుకుతోంది, పుల్లలు చెదిరిన చప్పుడు.

"నాణప్పా!" అంది కార్త్యాయని అమ్మ. "నాణప్పా, పలుకు! ఎక్కడ తప్పింది? చెప్పరా!"

చీకట్లో ఆవిడ చేతులు అతని భుజం కోసం తడుముతున్నాయి.

అప్పుడు వాకిట్లో, వానలో నిలబడి ఇదంతా చూస్తున్న బాతులు మేపుకునే పైలి మాట్లాడాడు, నోట్లో దుంప ఇరుక్కున్నవాడిలా.

"వైద్యరమ్మా, ఆయన సంగతి తర్వాత చూద్దురుగానీ, ముందు నా దవడ చూడండి. ఇందాకటి నించి నోరు తెరుచుకునే ఉన్నాను. ఆ చప్పుడు నాదేమోనని అనుమానంగా ఉంది."

ఆ చప్పుడు ఎవరిదో వచ్చే వారం చెబుతాను, ఇక గొడుగులు తీసుకోండి.